ఎండ, చర్మము, విటమిన్ 'డి' - పాతబస్తీ నుండి ఒక చరిత్ర

వేసవి మధ్యాహ్నమున చార్మినారు ముందు నిలిచినవారికి ఈ నగరములో ఎండకు కరువు ఉండగలదని తోచదు. నేల రాళ్ళు కాలుతుంటవి. లాడ్ బజారులో గాజుల దుకాణదారులు గుడ్డ పందిళ్ళు దించుతారు. బాటసారులు కమానుల నీడకు చేరుకొంటారు. కాని అక్కడి నుండి నూరు గజములు నడిచి ఏ సందులోనికి తిరిగినను వేరొక లోకము. ఎదురెదురుగా నిలిచిన ఇండ్ల నడుమ ఆకాశము సన్నని పట్టీవలె కనబడుతుంది. సూర్యుడు నడినెత్తికి వచ్చిన కొద్దిసేపు మాత్రమే ఎండ నేలను తాకుతుంది. ఆ మండుటెండకును ఈ చల్లని నీడకును నడుమ నాలుగు వందల ఏండ్లకు పైగా బ్రతుకుచున్న నగరమిది.

ఈనాడు ఈ సందులలోని ఇండ్లకు కూడ రక్తపరీక్ష కాగితములు వస్తున్నవి. వాటిలో తరచుగా కనబడే మాట, విటమిన్ 'డి' తక్కువగా ఉన్నదని. ఏండ్ల తరబడి చర్మరోగముతో బాధపడుచున్నవారు, ముఖ్యముగా సోరియాసిస్ ఉన్నవారు, ఆ కాగితము చేతబట్టుకొని అడిగే ప్రశ్న ఒకటే: "ఈ విటమిను చాలకనే నాకు ఈ జబ్బు వచ్చినదా? ఇది తీసుకొంటే పోతుందా?" మమ్ములను కూడ ఈ ప్రశ్న అడిగినవారు ఉన్నారు. జవాబు రెండు ముక్కలలో చెప్పవచ్చును. కాని ఆ జవాబు ఎట్లు లభించినదో తెలియనిదే దానిపై నమ్మకము కుదరదు. అందుచేత ఈ ప్రసంగములో మేము వైద్యుని ఆసనము నుండి గాక, చరిత్ర మార్గమున ఆ ప్రశ్నను సమీపింప దలచినాము.

నగరముతోబాటే ఇక్కడ వైద్యము కూడ పుట్టినది. 1591లో చార్మినారు నిర్మించిన మహమ్మదు కులీ కుతుబ్‌షా, 1595 ప్రాంతమున దాని సమీపముననే దారుల్‌షిఫా అను వైద్యశాలను కట్టించినాడు. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టును రెండంతస్తులుగా గదులు, అక్కడనే వైద్యవిద్య నేర్చుకొను విద్యార్థులు - ఇదీ దాని పద్ధతి. ఆ పేటను నేటికిని దారుల్‌షిఫా అనే పిలుస్తున్నాము. అక్కడి హకీములు అనుసరించినది యునానీ వైద్యము. రక్తము, కఫము, పసుపు పైత్యము, నల్ల పైత్యము అను నాలుగు రసముల సమత్వమే ఆరోగ్యమనియు, వాటి వైషమ్యమే రోగమనియు ఆ శాస్త్రము చెబుతుంది. మన ఆయుర్వేదములోని త్రిదోష సిద్ధాంతము తెలిసినవారికి ఈ ఆలోచన కొత్తగా తోచదు.

చర్మరోగముల విషయములో ఈ రెండు వైద్యములును కలిసిన చోటు ఒకటి ఉన్నది. అది బావంచాలు అను చిన్న గింజ. సంస్కృతములో దానిని బాకుచి అన్నారు. ఉర్దూలో బాబ్చీ అంటారు. బొల్లి మచ్చలకు ఈ గింజలను లోపలికి ఇచ్చుటయో, నూరి పైన పూయుటయో చేసి, ఆపైన ఆ మచ్చను ఎండకు చూపమనుట ప్రాచీన పద్ధతి. గింజ మాత్రమే చాలదు, ఎండ మాత్రమే చాలదు, రెండును కలియవలెను. ఎందుకట్లు జరుగుతుందో ఆ కాలమువారికి తెలియదు. కాని చర్మరోగ చికిత్సలో సూర్యునికి భాగమున్నదని వారు గుర్తించినారు. మన కథకు ఇది మొదటి మెట్టు. చార్మినారు ప్రక్కనే ఏడవ నిజాము కాలములో వెలసిన నిజామియా యునానీ ఆసుపత్రిలో ఈ వైద్య సంప్రదాయము నేటికిని సాగుచున్నది. నగరమునకు మరొక కొసనున్న ఎర్రగడ్డలోని కేంద్ర ప్రభుత్వపు యునానీ పరిశోధన సంస్థ, బొల్లి మీద చేసిన కృషికి పేరుపొంది, నేడు చర్మవ్యాధులకు జాతీయ సంస్థగా ఉన్నది.

ఇక ఎండ ఇండ్లలోనికి ఎట్లు వచ్చెడిదో చూతము. పాతబస్తీలో కలిగినవారి దేవిడీలకు నడుమ ముంగిలి ఉండెడిది. పరదా పాటించు స్త్రీలు వీధిలోనికి రాకపోయినను ఆ ముంగిలిలో కూర్చొని బియ్యము ఏరుకొనుట, తల ఆరబెట్టుకొనుట, పసిబిడ్డలకు నూనె రాచి ఎండలో పరుండబెట్టుట జరిగెడిది. గోడలు ఎత్తయినవే గాని పైకప్పు ఆకాశమే. తరువాతి కాలమున కుటుంబములు పెరిగి, వాటాలు పడి, ఒక్కొక్క ముంగిలి నాలుగు గదులుగా మారిన కొలదిని ఆ ఆకాశము కుంచించుకొని పోయినది.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ నదికి వచ్చిన వరద వేలాది ప్రాణములను బలిగొన్నది. అఫ్జల్‌గంజిలోని ఆసుపత్రి కూడ ఆ నీటి పాలయినది. దాని తరువాతనే నది ఉత్తరపు గట్టున నేటి ఉస్మానియా ఆసుపత్రి వెలసినది. ఆ వినాశనము నుండి నగరము ఒక పాఠము నేర్చుకొన్నది. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సలహాలతో వరదను అరికట్టు జలాశయములు తలపెట్టబడినవి. 1912లో నగరాభివృద్ధి సంఘము ఏర్పడినది. ఇరుకు పేటలను విడదీయుట, వీధులను వెడల్పు చేయుట, ఇండ్లకు గాలియు వెలుతురును కల్పించుట ఆ సంఘము పనులు. పత్తర్‌గట్టి రాతి కట్టడములు ఆనాటి ఉత్సాహమునకు సాక్ష్యములు. నగర నిర్మాతల మనసులో అప్పుడు ఉన్నది ప్లేగు, కలరా, క్షయ వంటి వ్యాధుల భయము. వెలుతురు మంచిదని వారికి తెలుసును. ఆ వెలుతురు శరీరములో ఒక పదార్థమును తయారు చేస్తుందన్న సంగతి మాత్రము అప్పటికి ప్రపంచములో ఎవరికిని తెలియదు.

అది తెలిసిన విధము ఇది. ఐరోపాలోని పొగ కమ్మిన పారిశ్రామిక నగరములలో పిల్లలకు ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరలు పోయెడివి. దీనినే రికెట్స్ అన్నారు. ఏయే దేశములలో ఈ వ్యాధి ఉన్నది, ఎక్కడ లేదు అని 1890లో పామ్ అను మిషనరీ వైద్యుడు లెక్కలు కూర్చి, ఎండ పుష్కలముగా నున్నచోట ఇది అరుదని వ్రాసినాడు. ఆ మాటను అప్పుడెవరును పెద్దగా పట్టించుకొనలేదు. 1919లో బెర్లినులో హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు వ్యాధిగ్రస్తులైన పిల్లలపై అతినీలలోహిత కిరణముల దీపము ప్రసరింపజేసి వారి ఎముకలను గట్టిపరచినాడు. అదే కాలమున ఇంగ్లండులో మెలన్‌బీ కుక్కలపై పరిశోధించి, చేపనూనె వంటి ఆహారముతో ఈ వ్యాధిని మాన్పవచ్చునని చూపినాడు. 1922లో అమెరికాలో మెక్‌కాలమ్ ఆ నూనెలోని గుణమును వేరుచేసి, అప్పటికి తెలిసిన వాటిలో నాల్గవది గనుక దానికి 'డి' అను అక్షరమును ఇచ్చినాడు. వెలుతురు ఒక వైపు, నూనె ఇంకొక వైపు. ఈ రెండును ఒకే ఫలితమును ఎట్లు ఇచ్చుచున్నవి? ఆహారపదార్థములపై అతినీలలోహిత కిరణములు ప్రసరించినచో వాటిలో ఈ విటమిను పుట్టునని 1924లో స్టీన్‌బాక్ చూపుటతో ముడి విడినది. ఈ రంగములోని కృషికి 1928లో జర్మనీకి చెందిన విండాసునకు రసాయన శాస్త్రములో నోబెల్ బహుమానము లభించినది.

ఈ చర్చలో మన దేశమునకు కూడ భాగమున్నది. 1922లో హచిసన్, షా అను వైద్యులిద్దరు నాసిక ప్రాంతమున పరిశీలించి ఒక విచిత్రమును ప్రకటించినారు. మంచి తిండి తినుచు ఇంటిపట్టున పెరుగు సంపన్న కుటుంబముల పిల్లలలో రికెట్స్ కనబడినది. పేదతిండి తినుచు పొలముల వెంట తిరుగు కూలివారి పిల్లలలో అది కనబడలేదు. దానిలో హిందువులు, ముసల్మానులు అను భేదము లేదు. ఎవరి పిల్లలు లోపల ఉన్నారు, ఎవరి పిల్లలు బయట ఉన్నారు అన్నదే భేదము. పాతబస్తీని గురించి మాట్లాడునప్పుడు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. ఇది ఒక మతమువారి వస్త్రధారణ సమస్య అని తేల్చివేయుట తొందరపాటు. కచ్చేరీలో రోజంతయు కూర్చొను గుమాస్తాకును, దుకాణము వెనుక గదిలో జరీపని చేయు యువకునికిని, మేడమీది గదిలోని గృహిణికిని సమస్య ఒకటే.

శరీరములో జరుగునది స్థూలముగా ఇట్లున్నది. మన చర్మములో కొలెస్ట్రాలునకు దగ్గర చుట్టమైన ఒక పదార్థము ఉన్నది. సూర్యకాంతిలో 290 మొదలు 315 నానోమీటర్ల వరకు నిడివి గల అతినీలలోహిత కిరణములు తగిలినప్పుడు అది విటమిన్ 'డి'గా మారుతుంది. తరువాత కాలేయములో ఒక మార్పు, మూత్రపిండములలో ఇంకొక మార్పు పొంది పనికి సిద్ధమవుతుంది. రక్తపరీక్షలో కొలిచేది కాలేయము దాటిన రూపమును. ఆ కిరణములు గాజును దాటి రావు. కాబట్టి అద్దపు కిటికీ వెనుక కూర్చున్నవానికి వేడి తగులుతుంది గాని విటమిను రాదు. ఉదయపు, సాయంకాలపు వాలుటెండలోను అవి తక్కువ. మన నీడ మనకన్న పొట్టిగా ఉన్న వేళలోనే అవి చాలినంతగా నేలకు దిగుతవి. శరీరఛాయ నల్లనైన కొలదిని అదే విటమినుకు ఎక్కువసేపు ఎండ కావలెను. పొగయు ధూళియు కూడ ఆ కిరణములను అడ్డగిస్తవి. ఢిల్లీ నగరములో గాలి చెడిన పేటలోని పసిపిల్లలను శుభ్రమైన గాలిగల పేటలోని పిల్లలతో పోల్చిన ఒక పరిశీలన 2002లో ఈ సంగతిని చూపినది.

ఎండ పుష్కలముగా ఉన్నచోట లోపము ఉండదన్న పామ్ గారి నమ్మకమునకు మన తెలుగు నేలమీదనే గట్టి దెబ్బ తగిలినది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు హరినారాయణ్ గారు, వారి సహచరులు చుట్టుపట్ల ఆరోగ్యవంతులను పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించినారు. పల్లెటూరి పురుషులలో నూటికి 44 మందికి, పట్టణపు పురుషులలో 62 మందికి, పల్లె స్త్రీలలో 70 మందికి, పట్టణ స్త్రీలలో 75 మందికి విటమిన్ 'డి' లోపము కనబడినది. పొలములో ఎండకు వంగి పనిచేయువారిలో సయితము ఇంత లోపమా అని ఆశ్చర్యము కలుగుతుంది. వారి ఆహారములో సున్నపు ధాతువు తక్కువగా నుండుటయు, తృణధాన్యములలోని ఒక పదార్థము ఆ ధాతువును ఒంటబట్టనీయకుండుటయు దీనికి తోడ్పడినవని వారు భావించినారు. పల్లె కన్న పట్టణములోను, పురుషుల కన్న స్త్రీలలోను లోపము ఎక్కువగా నుండుట మాత్రము ఎండ పాత్రను మరల స్పష్టము చేసినది.

ఇప్పుడు చర్మరోగమునకు వత్తము. సూర్యకాంతిని ఆధునిక వైద్యములో చర్మరోగ చికిత్సకు ఉపయోగించినవారిలో ప్రసిద్ధుడు డెన్మార్కు వైద్యుడు ఫిన్సెన్. ముఖము మీద వ్యాపించి చర్మమును తినివేయు క్షయ ఒకటి ఉన్నది. దానికి కాంతి చికిత్స కనిపెట్టినందులకు 1903లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. నలుబది ఏండ్ల తరువాత అదే వ్యాధికి ఫ్రాన్సులో షార్పీ, ఇంగ్లండులో డౌలింగ్ మొదలగువారు విటమిన్ 'డి'నే మందుగా ఇచ్చినారు. రోజుకు లక్ష మొదలు లక్షా యేబదివేల యూనిట్ల వరకు, నెలల తరబడి. పలువురికి చర్మము మానినది. కాని కొందరికి వికారము, దప్పిక, నీరసము పట్టుకొన్నవి. రక్తములో సున్నపు ధాతువు మితిమీరి మూత్రపిండములు చెడినవి. 1952 తరువాత క్షయకు ఐసోనియాజిడ్ అను మందు వచ్చుటతో ఈ చికిత్స వెనుకబడినది. విటమిను అయినంత మాత్రమున ఎంత తీసుకొన్నను మంచిదే అనుకొనరాదన్నది ఆ చరిత్ర మిగిల్చిన హెచ్చరిక. నేడు మన మందుల దుకాణములలో అరువదివేల యూనిట్ల పొట్లములు దొరకుచున్నవి. వైద్యుడు వారమునకొకటి చొప్పున కొన్ని వారములు వ్రాసి ఇచ్చినదానిని, జబ్బు త్వరగా పోవునను ఆశతో ప్రతిదినము వేసికొనువారు 1940ల నాటి ఆ కష్టమునే తిరిగి కొనితెచ్చుకొంటారు.

సోరియాసిస్ ఇంకొక జాతి వ్యాధి. ఇక్కడ సూక్ష్మజీవి లేదు, అంటు లేదు. శరీరరక్షణకై ఉన్న తెల్లకణములే పొరపాటున చర్మముపై మంట రేపుతవి. మామూలుగా నెలనాళ్ళు పట్టెడి చర్మపు పొరల మార్పు కొద్దిరోజులలోనే జరిగిపోయి, ఎర్రని మచ్చలపై వెండి రంగు పొలుసులు పేరుకొంటవి. యునానీ వైద్యులు నేడు దీనిని దావుస్ సదఫ్ అంటారు. సదఫ్ అనగా ముత్యపుచిప్ప. ఆ మెరిసే పొలుసులను చూచినవారికి ఈ పేరు ఎంత తగినదో తెలుస్తుంది. ఎండలో ఈ మచ్చలు తగ్గుట చాలమంది గమనించిన సంగతి. 1925లో అమెరికాలో గోకర్‌మన్ అను వైద్యుడు తారు లేపనముతో అతినీలలోహిత కిరణములను జతపరచి చికిత్స చేసినాడు. 1933లో మన దేశపు శాస్త్రజ్ఞులు బావంచాల నుండి సోరలిన్ అను పదార్థమును వేరుచేసినారు. ఆ జాతి పదార్థమునే కిరణములతో కలిపి 1974లో సోరియాసిసుకు ఉపయోగించినారు. హకీములకు ఏనాడో తెలిసిన గింజయు ఎండయు అను జోడీ ప్రపంచపు ఆసుపత్రులలో ఈ విధముగా చోటు సంపాదించినది. కాని కొలత తెలియక ఇంటివద్ద ఈ జోడీని వాడినచో చర్మము బొబ్బలెక్కుతుందని కూడ చెప్పవలెను.

ఇక్కడ ఒక తెలుగువాని పేరు స్మరింపక ముందుకు సాగరాదు. భీమవరములో 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు గారు, సోదరులను స్ప్రూ అను వ్యాధికి కోల్పోయి, ఆ బాధతోనే వైద్యపరిశోధనకు అమెరికా చేరినారు. లెడర్లీ పరిశోధనశాలలో వారి ఆధ్వర్యమున ఫోలిక్ ఆమ్లమును, దానికి ప్రతికూలముగా పనిచేయు అమినోప్టెరిన్‌ను తయారుచేసినారు. పిల్లలకు వచ్చు రక్తపు క్యాన్సరులో అది పనిచేయుట 1948లో లోకమునకు తెలిసినది. ఆ సంవత్సరమే సుబ్బారావు గారు కన్నుమూసినారు. 1951లో అదే మందును కీళ్ళవాతమునకు వాడుచుండగా, రోగి ఒంటిమీది సోరియాసిస్ మచ్చలు తగ్గుట వైద్యులు గమనించినారు. దాని సోదరి వంటి మెథొట్రెక్సేటును 1958 నుండి ఈ వ్యాధికి వాడుచు వచ్చినారు. నేటికిని ఉస్మానియా వంటి పెద్దాసుపత్రులలో తీవ్రమైన సోరియాసిసునకు వైద్యులు వ్రాయు మందులలో అది ముఖ్యమైనది. తన మందు చర్మరోగులకు ఇంత మేలు చేయునని చూచుటకు సుబ్బారావు గారు లేకపోయినారు.

విటమిన్ 'డి' ఈ కథలో ప్రవేశించినది కూడ ఇట్టి యాదృచ్ఛిక సంఘటనతోనే. 1985లో జపాను వైద్యులు ఎముకలు బలహీనపడిన ఒక రోగికి విటమిన్ 'డి' జాతి మందు ఇచ్చుచుండగా, ఆయనకున్న సోరియాసిస్ ఆశ్చర్యకరముగా తగ్గిపోయినది. చర్మకణములలో ఈ విటమినును అందుకొను తాళము వంటి పదార్థము ఉన్నదని అప్పటికే తెలిసియుండెను. తాళముచెవి పడినప్పుడు కణములు అదుపు తప్పి పెరుగుట మానుకొని సక్రమముగా పక్వమగును. మంట కూడ శాంతించును. అయితే నోటితో అంత మోతాదు ఇచ్చినచో రక్తములో సున్నపు ధాతువు పెరుగు ప్రమాదము ఉన్నది కదా. అందుచేత చర్మముమీదనే పనిచేసి, రక్తములో త్వరగా విరిగిపోవునట్టి కాల్సిపోట్రియాల్ అను రూపమును డెన్మార్కులో తయారుచేసినారు. 1990ల నుండి ఆ లేపనము ప్రపంచమంతట వాడుకలో ఉన్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. సోరియాసిస్ ఉన్నవారిలో విటమిన్ 'డి' తక్కువగా ఉండుట పెక్కు దేశముల పరిశీలనలలో కనబడినది. ఇది నిజము. కాని రెండు సంగతులు కలిసి కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు. పాతబస్తీలోని ఒక గృహిణిని ఊహించుకొందము. మోచేతులమీద, మోకాళ్ళమీద మచ్చలు వచ్చినవి. చూచినవారు ఏమనుకొందురో అని పెండ్లిండ్లకు పోవుట మానినది. మేడమీద బట్టలు ఆరవేయుటకు కూడ నిండుచేతుల రవికతోనే పోవుచున్నది. ఎండ తగులుట తగ్గినది, విటమిను తగ్గినది. అప్పుడు రక్తపరీక్షలో కనబడు లోపము రోగమునకు తల్లియా, బిడ్డయా? శరీరములో దీర్ఘకాలము మంట ఉన్నప్పుడును, స్థూలకాయము ఉన్నప్పుడును కూడ ఈ విటమిను కొలత తగ్గుట కలదు.

దీనిని తేల్చుటకు పరీక్షలు జరిగినవి. శీతకాలములో వారములకొలది సూర్యుడే ఉదయింపని ఉత్తర నార్వేలోని ట్రోమ్సో నగరములో సోరియాసిస్ ఉన్న 122 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి విటమిన్ 'డి'ని, రెండవవారికి ఉత్త మాత్రలను నాలుగు నెలలు ఇచ్చినారు. ఎవరికి ఏది ఇచ్చినదియు వారికి తెలియదు. వారందరును ముందే లోపము ఉన్నవారు. ఫలితము 2023లో వెలువడినది. రక్తములో విటమిను పెరిగినది గాని మచ్చల విషయమున రెండు భాగములకును చెప్పుకోదగిన తేడా లేదు. అమెరికాలో 25,871 మందిపై ఐదేండ్లకు పైగా జరిగిన మరొక పెద్ద పరీక్షలో, శరీరము తనపై తానే తిరుగబడు వ్యాధులన్నిటిని కలిపి లెక్కించినప్పుడు, విటమిను తీసుకొన్నవారిలో అవి కొత్తగా వచ్చుట నూటికి 22 వంతులు తక్కువగా ఉన్నట్లు 2022లో తెలిసినది. ఇది ఆశాజనకమే. కాని సోరియాసిస్ ఒక్కదానిని గురించి అది తుదితీర్పు కాదు. వచ్చిన వ్యాధిని అది మాన్పినదని అంతకన్న కాదు.

కాబట్టి మా జవాబు ఇది. లోపము ఉన్నట్లు తేలినచో దానిని పూరించుకొనుట ఎముకలకు, కండరములకు అవసరము, పూరించుకొనవలసినదే. పైన పూయు విటమిన్ 'డి' లేపనము సోరియాసిసునకు నిజమైన మందు. కాని నోటితో మింగు విటమిను ఆ లేపనమునకు గాని, వైద్యుడిచ్చిన ఇతర మందులకు గాని బదులు కాదు. ఈ మూడును వేరువేరు సంగతులు. ఒకే పేరు ఉండుటచేత ఇవి కలిసిపోయి, కొందరు పనిచేయుచున్న మందు మాని పొట్లములను నమ్ముకొని, మచ్చలు ఒళ్ళంతయు పాకిన తరువాత ఆసుపత్రికి వత్తురు. ఈ గందరగోళము తొలగించుటయే ఈ ప్రసంగపు ముఖ్యోద్దేశము.

ఎంత విటమిను కావలెనన్న ప్రశ్నకు జవాబు చెప్పు సంస్థ మన నగరముననే ఉన్నది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ ఒక గదిలో ఆరంభించిన పోషణ పరిశోధన, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి తార్నాకలో స్థిరపడినది. 1969 నుండి అది జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము పెద్దలకు దినమునకు 600 యూనిట్లు, అనగా 15 మైక్రోగ్రాములు చాలును. మన సాధారణ భోజనములో ఈ విటమిను స్వల్పము. కొవ్వుగల చేప, గ్రుడ్డు పచ్చసొన, విటమిను కలిపిన పాలు కొంతవరకు ఇస్తవి. మిగిలినది ఎండయే ఇయ్యవలెను.

ఎండలోనికి పోవుటకు కూడ ఒక మర్యాద ఉన్నది. చర్మము కమిలిపోవునంత సేపు నిలువరాదు. కమిలినచోటనే సోరియాసిసులో కొత్త మచ్చలు లేచుట కలదు. ఎండ తగిలితే ముఖముపై ఎర్రని దద్దుర్లు వచ్చువారు, ఎండకు చర్మము తట్టుకొనలేని మందులు వాడువారు వైద్యుని అడుగకుండ ఈ ప్రయత్నము చేయరాదు. మిగిలినవారు మధ్యాహ్నపు వేళ, మేడపైన గాని పెరటిలో గాని, చేతులు కాళ్ళు తగులునట్లు కొద్దిసేపు ఉండవచ్చును. చాటు కావలసిన స్త్రీలకు పూర్వపు ముంగిలి చేసిన మేలు నేడు మేడమీద నాలుగు వైపుల కట్టిన తడిక చేయగలదు.

దారుల్‌షిఫా కట్టినవారు రోగుల గదుల నడుమ ఆకాశమునకు చోటు విడిచినారు. నగరాభివృద్ధి సంఘమువారు వెలుతురు కొరకు వీధులు విప్పినారు. ఆ వెలుతురు చేయు పని ఏమిటో మనకు వారికన్న కొంత ఎక్కువ తెలుసును. తెలిసినదానిని సక్రమముగా వాడుకొనుట మన వంతు. మీ ఇంటిలో గాని, మీ వాడలో గాని ఈ వ్యాధి ఉన్నవారుంటే వారి ప్రక్కన కూర్చొనుటకు వెనుదీయకుడు. అది అంటదు. మచ్చ ఉన్న చేతిని దాచుకొనవలసిన అవసరము లేని ఇంటిలో ఎండయు, మందును రెండును సులభముగానే ఆ చేతిని చేరుకొంటవి.